హెలికాప్టర్ అనే మాటను ఎక్కడ విడదీయాలి?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అబ్బాయికి ఎవరో ‘హెలి అంటే సూర్యుడు, కాప్టర్ అంటే ఎగిరేది’ అని చెప్పారట. హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ లాంటి మాటలు చూస్తే నిజమేననిపిస్తోంది. ఇది సరైనదేనా? డ్రోన్ కూడా హెలికాప్టరేనా? తెలుగులో హెలికాప్టర్, హెలికాఫ్టర్, హెలీకాప్టర్ అని రకరకాలుగా రాస్తున్నారు, ఏది రాయాలి? చాపర్ అనవచ్చా?

సమాధానం:

అమ్మా, మీ అబ్బాయికి చెప్పిన రెండు ముక్కలూ తప్పే. ‘హెలి’కి సూర్యుడితో సంబంధం లేదు. ‘కాప్టర్’ అనే మాట గ్రీకులో లేనే లేదు. నేను వైమానిక దళంలో హెలికాప్టర్ల మరమ్మతు పనిలో ఉండి రిటైరైనవాణ్ణి, మాది అహేరి వైపు. ఈ సూర్యుడి కథ మా శిక్షణ రోజుల్లో కూడా చెలామణిలో ఉండేది. చెప్పేవాళ్లు ఎంత ధీమాగా చెప్తారంటే, అడ్డు చెప్పడానికి మొహమాటం వేస్తుంది.

గ్రీకులో ‘హెలిక్స్’ అంటే మెలిక తిరుగుతూ సాగే చుట్టు. మరో మాటతో కలిసేటప్పుడు అది ‘హెలికో’ అవుతుంది. ‘ప్టెరోన్’ అంటే రెక్క. హెలికో, ప్టెరోన్ కలిస్తే మెలి తిరిగే రెక్క. కాబట్టి మాటను విడదీయవలసిన చోటు ‘హెలికో’ తరవాత. అయితే ‘ప్ట’తో మాట మొదలుపెట్టడం మన నోటికీ కష్టమే, ఇంగ్లీషువాళ్ల నోటికీ కష్టమే. అందుకని చెవి దాన్ని తనకు అనువైన చోట తుంచుకుంది: హెలి, కాప్టర్.

సాక్ష్యం కావాలంటే దూరం పోనక్కరలేదు. కడుపులో పుండుకు పరీక్ష చేయించుకున్నవాళ్ల రిపోర్టులో ‘హెచ్. పైలోరి’ అనే పేరు కనిపిస్తుంది. దాని పూర్తి పేరు హెలికోబాక్టర్ పైలోరి. సూక్ష్మదర్శినిలో మెలి తిరిగి కనిపించే బాక్టీరియా కాబట్టి హెలికో-బాక్టర్. దాని గుట్టు విప్పినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. హెలికో-బాక్టర్ పక్కన హెలికో-ప్టర్ పెట్టి చూడమనండి, అతుకు ఎక్కడుందో అబ్బాయికే తెలుస్తుంది. జీవశాస్త్రం పుస్తకంలో డీఎన్ఏను ద్వికుండలి అంటారు. ఆ కుండలి కూడా ఈ హెలిక్సే.

ఇక రెక్క సంగతి. ఎర్రచందనం పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు. దాని శాస్త్రీయనామం టెరోకార్పస్ సాంటలినస్. టెరోకార్పస్ అంటే రెక్క ఉన్న కాయ. మన అడవిలో ఉండే వేగిస చెట్టుదీ అదే కుటుంబం, టెరోకార్పస్ మార్సూపియం. వేగిస కాయను కిందపడినప్పుడు ఏరి చూపించండి: మధ్యలో గింజ, దాని చుట్టూ పలచటి గుండ్రటి రెక్క. మీకు దగ్గరలోనే వడధం శిలాజాల పార్కు ఉంది కదా, అది చూసి వచ్చిన పిల్లలు రాక్షసబల్లుల పుస్తకాలు తిరగేస్తారు. వాటిలో టెరోసార్, టెరోడాక్టిల్ అని ఎగిరే సరీసృపాల పేర్లు తగులుతాయి. వీటన్నిటిలో ఉన్నది ఆ ‘ప్టెరోన్’ రెక్కే. మాట మొదట్లో వచ్చినచోట ‘ప్’ పలకరు, హెలికాప్టర్‌లో మాత్రం మధ్యలో పడింది కనుక బతికిపోయింది.

మరి సూర్యుడు ఎక్కడినుంచి వచ్చాడు? హీలియం నుంచి వచ్చాడని నా అనుమానం. హీలియం పేరు నిజంగానే సూర్యుడి పేరు మీద పెట్టినది. గ్రీకులో సూర్యుడు ‘హేలియోస్’. సూర్యకాంతిలో ఒక కొత్త పసుపు గీత కనిపించింది, అది భూమి మీద ఎవరూ చూడని మూలకానిదని నార్మన్ లాకియర్ భావించాడు, అందుకని ఆ పేరు. ఆ కథలో మన గుంటూరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించాడు. హీలియం కనుగొన్న చరిత్ర ఎవరు రాసినా ఆ గ్రహణంతోనే మొదలుపెడతారు.

ఇక్కడ తెలుగువాళ్లకు ఒక సౌకర్యం ఉంది. గ్రీకులో మనకు ఉన్నట్టే హ్రస్వ ‘ఎ’, దీర్ఘ ‘ఏ’ వేరువేరు అక్షరాలు. సూర్యుడి హేలియోస్ దీర్ఘం, చుట్టు అనే హెలిక్స్ హ్రస్వం. తెలుగు లిపిలో రాస్తే రెండూ వేరని చూడగానే తెలిసిపోతుంది. మరాఠీలో ఎకారం ఒక్కటే, దానికి పొడవు పొట్టి భేదం చూపే గుర్తు లేదు. అందుకని అబ్బాయి మరాఠీ పుస్తకంలో హేలియం, హేలికాప్టర్ రెండూ ఒకే ‘హే’తో మొదలవుతాయి. పక్కపక్కన చూసినవాడు రెండూ ఒకే వేరునుంచి పుట్టాయనుకోవడంలో వింత లేదు. చెప్పిన ఆయనను తప్పుపట్టకండి.

మాట పుట్టిన సంగతి కొంచెం చెప్పాలి. 1861లో ఫ్రాన్సులో గుస్తావ్ పొంతొన్ దామెకూర్ అనే ఆయన ‘ఎలికోప్తేర్’ అనే మాటను కూర్చాడు. ఫ్రెంచివాళ్లు ‘హ’ పలకరు. మన ఊళ్లలో పెద్దవాళ్లు ‘ఎలికాప్టర్’ అంటే పిల్లలు నవ్వుతారు గానీ, ఆ ఉచ్చారణే మాట పుట్టిన చోటుకు దగ్గర. అప్పటికే ఓడలను ముందుకు తోసే మర ఫ్రెంచిలో ‘ఎలీస్’, అదీ హెలిక్స్ సంతానమే. నీళ్లలో మర తిరిగి ఓడను ముందుకు తీసుకుపోతున్నప్పుడు, గాలిలో మర తిరిగి మనిషిని పైకి ఎందుకు తీసుకుపోకూడదన్నది ఆయన ఆలోచన. అల్యూమినియంతో ఆవిరి యంత్రం పెట్టి చిన్న నమూనా చేశాడు, అది ఎగరలేదు. పేరు మాత్రం నిలిచింది. 1907లో పాల్ కొర్ను అనే మరో ఫ్రెంచివాడు మనిషి కూర్చున్న యంత్రాన్ని కొద్ది సెకన్లు నేలమీదనుంచి లేపాడు. ఒకే పెద్ద రెక్కల చక్రం, తోక దగ్గర చిన్నది, ఇప్పుడు మనం చూసే ఈ రూపాన్ని ఇగోర్ సికోర్‌స్కీ 1939 సెప్టెంబరు 14న అమెరికాలో లేపి చూపించాడు, అదీ తాళ్లతో కట్టి. అంటే పేరు పెట్టిన 78 ఏళ్లకు గాని బిడ్డ నిలదొక్కుకోలేదు.

అసలు నాకు ఈ పేరంటే ఇంత ఇష్టం ఎందుకంటే, యంత్రం ఎలా పనిచేస్తుందో పేరులోనే ఉంది. చాలామంది హెలికాప్టర్ రెక్కలు వేగంగా తిరిగేకొద్దీ అది పైకి లేస్తుందనుకుంటారు. 2024 ఏప్రిల్ 19 పోలింగుకు ముందు మన జిల్లాలో లోపలి అడవి గ్రామాలకు పోలింగు సిబ్బందిని హెలికాప్టర్లలోనే చేరవేశారు. వెళ్లినవాళ్లలో మీకు తెలిసిన టీచర్లు ఉండే ఉంటారు, అడిగి చూడండి. ఎక్కేటప్పటికే రెక్కలు హోరుమని తిరుగుతూ ఉంటాయి, అయినా యంత్రం నేలమీదే ఉంటుంది. కాసేపటికి లేస్తుంది. లేచేటప్పుడు రెక్కల వేగం పెరగదు, దాదాపు అంతే ఉంటుంది. మారేది రెక్క వాలు.

మరమేకును తీసుకోండి. దాని మీద గీత ఏటవాలుగా చుట్టుకుని ఉంటుంది. ఆ వాలు ఎక్కువైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం దిగుతుంది, తక్కువైతే కొంచెమే దిగుతుంది. ఒక చుట్టుకు దిగే ఆ దూరాన్ని వడ్రంగులూ లేతు పనివాళ్లూ పిచ్ అంటారు. హెలికాప్టర్ రెక్క వాలునూ మేము పిచ్ అనే అంటాం. పైలట్ ఎడమ చేతి పక్కన ఒక లివర్ ఉంటుంది. దాన్ని పైకి లాగితే అన్ని రెక్కలూ ఒకేసారి తమ వాలును పెంచుకుంటాయి, గాలిని గట్టిగా కిందికి నెడతాయి, యంత్రం లేస్తుంది. ముందుకో పక్కకో పోవాలంటే మోకాళ్ల మధ్య ఉండే కర్ర. అది రెక్కల వాలును చుట్టులో ఒకచోట ఎక్కువ, ఎదురుగా తక్కువ చేస్తుంది. ఇంజన్ తిప్పడమే చేస్తుంది, ఎగరడం అంతా వాలుతోనే. తిరిగే రెక్కల కింద, ఆగకుండా ఈ వాలు మారుస్తూ ఉండే పళ్లేన్ని స్వాష్‌ప్లేటు అంటారు. మా చేతి గ్రీజంతా దాని చుట్టుపక్కల అయిపోయేది.

పైకి లేస్తున్నప్పుడు రెక్క కొస గాలిలో గీసేది అచ్చమైన మరచుట్టు, దామెకూర్ చెప్పిన హెలిక్స్. ఒకచోట కదలకుండా నిలబడినప్పుడు నేలనుంచి చూసేవాళ్లకు వృత్తంలా ఉంటుంది. అయితే ఆ రెక్క కింద గాలి ఆగకుండా జారిపోతూనే ఉంటుంది కనుక, గాలి లెక్కన చూస్తే అప్పుడూ చుట్టే.

‘ఇంజన్ ఆగితే రాయిలా పడిపోతుందా?’ అని అందరూ అడుగుతారు. చేతిలో ఎత్తు, వేగం ఉంటే పడిపోదు. పైలట్ వెంటనే లివర్ దించి రెక్కల వాలు తగ్గిస్తాడు. యంత్రం కిందికి దిగుతుంటే కిందినుంచి పైకి పోయే గాలి రెక్కలను తిప్పుతూ ఉంచుతుంది, ఆగిన ఇంజన్ అడ్డుపడకుండా దాన్ని విడదీసే ఏర్పాటు ఉంటుంది. నేల దగ్గర పడ్డాక, తిరుగుతున్న రెక్కల్లో మిగిలిన ఊపును వాడుకుని వాలు పెంచి మెల్లగా దించుతాడు. దీనికి పైలట్లకు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు.

తోక దగ్గరి చిన్న రెక్కల గురించి ఒక హెచ్చరిక. పెద్ద రెక్కలను ఇంజన్ ఒకవైపు తిప్పితే యంత్రం ఒళ్లు ఎదురువైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికే తోకలో పక్కకు తోసే చిన్న చక్రం. అది తిరుగుతున్నప్పుడు కంటికి ఆనదు. హెలికాప్టర్ దిగిందంటే మన ఊళ్లలో పిల్లలు నాలుగు వైపులా పరుగెత్తుతారు, తోక వైపు మాత్రం పోనివ్వకూడదు. సిబ్బంది పిలిచాకే, పైలట్‌కు కనబడేలా ముందువైపు నుంచి, తల వంచి వెళ్లాలి. నేల వాలుగా ఉంటే ఎత్తు వైపునుంచి అసలు దగ్గరకు రాకూడదు, అక్కడ తిరిగే రెక్క మనిషి తలకు అందుతుంది. టోపీలు, పాలిథిన్ సంచులు, రేకు ముక్కలు ముందే తీసేయాలి. ఎగిరిపోయి ఇంజన్‌లోనో రెక్కల్లోనో పడతాయి.

తోకలో ఈ చిన్న రెక్కల చక్రం అన్ని హెలికాప్టర్లకూ ఉండాలని లేదు. 2019లో మన వైమానిక దళంలోకి వచ్చిన చినూక్‌కు ముందొకటి వెనకొకటి రెండు పెద్ద చక్రాలు ఎదురెదురుగా తిరుగుతాయి. మీరు ఎక్కువగా చూసే పెద్దది ఎం.ఐ-17 అయి ఉండాలి. రెక్కలు ఆగాక లెక్కపెట్టమనండి, అయిదు ఉంటాయి. మూడు రెక్కల చిన్నది చేతక్, నాలుగు రెక్కలది ధ్రువ్. చేతక్ రాణా ప్రతాప్ గుర్రం పేరు, ధ్రువ్ నక్షత్రం పేరు. మనవాళ్లు ఈ యంత్రజాతికి సొంత పేరు పెట్టుకోకపోయినా ఒక్కొక్క యంత్రానికి మాత్రం చక్కటి పేర్లే పెట్టారు.

ఇప్పుడు హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్. తప్పుగా తుంచిన ముక్కలతోనే ఇవి తయారయ్యాయి. ‘హెలి’ ముక్క నుంచి హెలిప్యాడ్, హెలిపోర్టు, ‘కాప్టర్’ ముక్క నుంచి క్వాడ్‌కాప్టర్. వ్యుత్పత్తి ప్రకారం అడ్డదిడ్డమే, వాడుక ప్రకారం ఇప్పుడు నిఖార్సయిన మాటలు. వాటిని సరిదిద్దబోవడం వృథా ప్రయాస. వాటిని చూసే మీకు ‘హెలి’, ‘కాప్టర్’ వేరువేరు మాటలనిపించింది. తీరా చూస్తే అవి హెలికాప్టర్‌కు తల్లిదండ్రులు కావు, పిల్లలు.

డ్రోన్ అంటే లోపల పైలట్ లేని వాయుయానం ఏదైనా సరే. రెక్కలు చాచిన చిన్న విమానం ఆకారంలోనూ డ్రోన్లు ఉన్నాయి. క్వాడ్‌కాప్టర్ అంటే నాలుగు తిరిగే చక్రాలున్నది. పొలాల్లో మందు చల్లడానికి వస్తున్నవాటిలో నాలుగు, ఆరు చక్రాలవి కనిపిస్తాయి. ఇంకో తేడా కూడా ఉంది. ఈ చిన్నవాటిలో మామూలుగా రెక్క వాలు మారదు, ఒక్కో మోటారు వేగాన్ని పెంచి తగ్గించి నడుపుతారు. వేగం పెరిగితే పైకి లేస్తుందన్న మాట వీటి విషయంలో నిజమే.

అయితే పైలట్ లేనంత మాత్రాన హెలికాప్టర్ పేరు పోదు. అంగారకుడి మీద 2021 ఏప్రిల్ 19న మొదటిసారి ఎగిరిన ఇంజెన్యుయిటీని నాసా హెలికాప్టర్ అనే పిలిచింది. బరువు 1.8 కిలోలు. అక్కడి గాలి సాంద్రత మన గాలిలో నూరో వంతు, అందుకని దాని రెక్కలు నిమిషానికి సుమారు 2,400 చుట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే తిరిగేవి. ఒకే ఇరుసు మీద రెండు జతల రెక్కలు ఎదురెదురుగా, వాటి వాలు మారుస్తూ నడక. దామెకూర్ చూసి ఉంటే తన మాట సరైన చోటే పెట్టారనేవాడు. దాని ప్రధాన ఇంజనీరు బలరాం, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడిలో చదువుకున్న మనిషి. 2024 జనవరిలో చివరిసారి ఎగిరేనాటికి 72 సార్లు ఎగిరింది.

రాత విషయానికి వద్దాం. ‘హెలికాప్టర్’ సరైనది. ‘ఫ్’ పెట్టకండి, అక్కడున్నది ప్టెరోన్‌లోని ‘ప్’. ‘హెలీ’ అని దీర్ఘం అక్కరలేదు. చివర ఉకారం పెట్టి హెలికాప్టరు అన్నా తప్పు లేదు, కారు, స్కూటరు అన్నట్టే. బహువచనం హెలికాప్టర్లు. ‘లో’ చేర్చేటప్పుడు జాగ్రత్త: హెలికాప్టర్‌లో అంటే ఒక్కదానిలో, హెలికాప్టర్లలో అంటే చాలావాటిలో. పత్రికల్లో ఈ రెండూ కలిసిపోయి, ఒక్క యంత్రం దిగితే పది దిగినట్టు అనిపించిన వార్తలు చదివాను.

చాపర్ అనేది వాడుకలో పుట్టిన ముద్దుపేరు. పత్రికల శీర్షికల్లో చోటు తక్కువ కనుక బాగా పాతుకుపోయింది. మాట్లాడుకునేటప్పుడు అనండి. తహసీల్దారుకు అర్జీ రాసినా, వరదలో సాయం అడుగుతూ రాసినా హెలికాప్టర్ అనే రాయండి. చాపర్ అంటే ఒక రకం మోటారు సైకిలూ ఉంది, కూరగాయలు తరిగే సాధనమూ ఉంది. విమానం అనడం మరో చిక్కు. ఇంగ్లీషులో అన్ని రకాల ఎగిరే యంత్రాలనూ కలిపి చెప్పే ‘ఎయిర్‌క్రాఫ్ట్’ అనే మాటను మన అనువాదకులు కళ్లు మూసుకుని విమానం అనేస్తారు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి వరదలో చిక్కుకున్నప్పుడు వెళ్లింది హెలికాప్టర్. దాన్ని విమానం అంటే, అక్కడ రన్‌వే ఎక్కడుందని చదివేవాడు అడుగుతాడు. మన పెద్దవాళ్ల ‘గాలిమోటరు’ ఒక్కటే రెండింటికీ ఇబ్బంది లేకుండా సరిపోతుంది.

యంత్రం లేని హెలికాప్టర్లు కూడా భాషలో తిరుగుతున్నాయి. పిల్లల నెత్తిన నీడలా తిరిగే తల్లిదండ్రులను హెలికాప్టర్ తల్లిదండ్రులంటారు. ధోనీ కొట్టే హెలికాప్టర్ షాట్‌లో బ్యాటు బంతిని కొట్టాక తలపైన గిర్రున తిరుగుతుంది, ‘చుట్టు’ అనే అసలు అర్థానికి ఇది దగ్గర. హెలికాప్టర్ మనీ అనే మాట ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1969లో చెప్పిన ఒక ఊహ నుంచి వచ్చింది: హెలికాప్టర్ వచ్చి ఊరి మీద నోట్లు చల్లిపోతే ఏమవుతుందని. కేంద్ర బ్యాంకు కొత్తగా డబ్బు సృష్టించి జనం చేతికి నేరుగా అందేలా చేయడమని దాని భావం. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ ఈ మాట వాడారు. నిజంగా ఆకాశంనుంచి నోట్లు పడతాయని ఎదురుచూసినవాళ్లూ లేకపోలేదు.

అబ్బాయి మరాఠీ నోటుబుక్కులో ‘హే’ అని రాస్తే కొట్టివేయకండి, ఆ లిపిలో అంతకన్నా దారి లేదు. తెలుగులో రాసేటప్పుడు మాత్రం ‘హె’ పొట్టిగా, ‘ప్ట’ గట్టిగా రాయమనండి. అర్థం అడిగితే ‘మెలి తిరిగే రెక్క’ అని చెప్పమనండి. వేగిస కాయ దొరికితే బడికి పట్టుకుపొమ్మనండి.